గుల్ల దొంతర

"మా ఆయన దొంగ కాదండీ," అంది జానకమ్మ.

గదిలోకి వచ్చిన దగ్గర్నుంచీ ఇదే మాట. విద్యావతి ప్రతిసారీ తలూపి ఊరుకుంది. బ్యాంకుల ఆడిట్ ఉద్యోగం వదిలేసి, ఆబిడ్స్‌లో మూడో అంతస్తులో ఈ చిన్న గది తీసుకుని, డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్న ఇన్నేళ్లలో ఆమె గట్టిగా నేర్చుకున్నది ఒక్కటే. ఏడుస్తున్న మనిషిని ప్రశ్నలు అడగకూడదు. ఏడుపు తగ్గాక అడగాలి, తగ్గకపోతే మర్నాడు అడగాలి. కానీ ఈ కేసులో మర్నాడంటూ లేదు. సాయంత్రం బ్యాంకు పాలకవర్గం కూర్చుంటోంది. తాకట్టు సరుకు అమ్ముకు తిన్నవాడు తమ ఉద్యోగి, జానకమ్మ భర్త లక్ష్మణరావే అని తీర్మానం రాసుకుంటుంది. ఆ కాగితం మీద సంతకాలు పడ్డాక చచ్చిపోయినవాడు లేచి వచ్చి కాదనలేడు కదా!

"ఆ శనివారం సంగతి ఇంకొక్కసారి చెప్పండమ్మా."

జానకమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "రెండో శనివారం కదండీ, బ్యాంకుకి సెలవు. ఇడ్లీ తిన్నారు. గోడౌన్ దాకా వెళ్లొస్తాను, భోజనానికి వచ్చేస్తానన్నారు. ఫోను ఛార్జింగ్‌లో పెట్టి మర్చిపోయారు. మధ్యాహ్నం రాలేదు. చీకటి పడినా రాలేదు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మా తమ్ముడికి ఫోన్ చేసి, మీ బావ ఇంటికి రాలేదురా అన్నాను. వాడు అప్పటికప్పుడు వచ్చేశాడు. గుమ్మంలోకి వస్తూనే, 'గోడౌన్ చూసే వచ్చానక్కా, బయట తాళం వేసి ఉంది' అన్నాడు. ఆదివారం పొద్దున్నుంచి రాత్రి దాకా నన్ను బండెక్కించుకుని ఆసుపత్రులన్నీ తిప్పాడండీ. గౌలిగూడ నుంచి మొదలుపెట్టి ఒక్కటీ వదల్లేదు. సోమవారం బ్యాంకువాళ్లు తాళం తీస్తే..."

ఆ పైన చెప్పలేకపోయింది. చెప్పాల్సిన అవసరమూ లేదు. సోమవారం తాళం తీస్తే, బట్టల బేళ్ల దొంతర మధ్య గోతిలో లక్ష్మణరావు శవం ఉంది.

తలుపు దగ్గర అలికిడైంది. ముప్పై ఏళ్లవాడు, గుండు మీద ఇప్పుడిప్పుడే వెంట్రుకలు మొలుస్తున్నాయి. చేతిలో నీళ్ల సీసా ఉంది. "అక్కా, ముందు ఇవి తాగు. పొద్దున్నుంచి చుక్క నీళ్లు తాగలేదు నువ్వు."

"ఇతనే మా శశికిరణ్," అంది జానకమ్మ. ఆ రెండు మాటలు అనేటప్పుడు మాత్రం ఆమె గొంతులో కాస్త బలం వచ్చింది. "మాకు పిల్లల్లేరండీ. మా అమ్మానాన్నా పోయేనాటికి వీడికి ఏడేళ్లు. నా కొంగు పట్టుకునే మా అత్తారింటికొచ్చాడు. ఆయనే చదివించారు, ఆయనే బ్యాంకులో క్యాషియరుగా వేయించారు. తలకొరివి కూడా వీడే పెట్టాడు. మొన్ననే చాదర్‌ఘాట్‌లో ఫ్లాటు కొన్నాడు. మీరిద్దరూ నా దగ్గరికే వచ్చేయండని ఒకటే గొడవ. ఆయనకి ఆ ఇల్లు చూసే రాత లేదు."

శశికిరణ్ నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. అక్కని లేవదీసి చెప్పులు దగ్గరికి జరిపాడు. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగాడు.

"మేడమ్, ఏమన్నా తెలిస్తే ముందు నాకు చెప్పండి. నేను సెలవులోనే ఉన్నా. అక్క తట్టుకోలేదు."

"అట్లనే," అంది విద్యావతి.

* * *

భాగ్యరేఖ సహకార బ్యాంకు మేనేజరు శ్యామ్‌సుందర్ కుర్చీ పక్కన చేతికర్ర ఆనించి ఉంది. రెండు నెలల్లో రిటైరయ్యే మనిషి. విద్యావతిని చూడగానే లేవబోయి, మోకాలు పట్టుకుని మళ్లీ కూలబడ్డాడు.

"కూసోండి మేడమ్. జితేందర్‌కు చెప్పిందే మీకు గూడ చెప్తా. కొత్తగ ఏం లేదు."

జితేందర్ పేరు వినగానే విద్యావతికి ఒళ్లు మండింది. నాలుగేళ్లు తన దగ్గర పని నేర్చుకుని, వెళ్తూ వెళ్తూ తన కేసులు కూడా మూటగట్టుకుపోయిన మహానుభావుడు అతను. ఇప్పుడు బ్యాంకు తరఫున విచారణ అతనిదే. సాయంత్రం పాలకవర్గం ముందు పెట్టే నివేదికా అతనిదే.

"కొత్తది అవసరం లేదు సార్. పాతదే సరిగ్గ చెప్పండి. పరశురాం అప్పు ఎంత?"

"ఆరు కోట్లు. దుప్పట్లు, తువ్వాళ్ల హోల్‌సేల్. రెండేండ్ల కింద వాయిదాలు బంద్ చేసిండు. మేం నాంపల్లి గోడౌన్‌కు మా తాళం ఏసినం. ఇప్పుడు మనిషే పరారు."

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. అప్పిచ్చి, అది రాకపోతే, నుదురు కొట్టుకుని ఊరుకోవడం బ్యాంకుకి కుదరదు. మూడు నెలలు వాయిదా రాలేదా, ఆ ఖాతా మొండి బాకీల్లో పడుతుంది. ఆ క్షణం నుంచి, ఇది ఎటూ రాదేమోనని భయపడి, బ్యాంకు తన లాభంలోంచి కొంత తీసి పక్కన పెట్టాలి. బాకీ ముదిరేకొద్దీ ఎక్కువ పెట్టాలి. రిజర్వు బ్యాంకు నియమం అది. అందులో ఒక మెలిక ఉంది. అప్పు వెనకాల సరుకు తాకట్టు ఉంటే, ఆ సరుకు విలువ మేరకు ఏ అయిదో వంతో, నాలుగో వంతో తీసిపెడితే గండం గడుస్తుంది. సరుకు లేదని తేలిందా, నూటికి నూరూ ఆ ఏడాదే తీసిపెట్టాలి. అంటే పరశురాం అప్పుకి బ్యాంకు కోటి రూపాయలు పక్కన పెట్టాలా, ఆరు కోట్లు పెట్టాలా అన్నది నాంపల్లి గోడౌన్‌లో ఎన్ని బేళ్లు ఉన్నాయన్న దాని మీద ఉంది. ఆ బేళ్లు లెక్కపెట్టి రాసే పని లక్ష్మణరావుది.

"ఆరు కోట్లు తీసిపెడితే మీ బ్యాంకు ఉంటదా?" అడిగింది విద్యావతి.

శ్యామ్‌సుందర్ అద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఎక్కడుంటది? మా లాభం కోటి గూడ దాటలే. పైనుంచి ఆంక్షలొస్తయి. డిపాజిట్లు తీస్కోనియ్యరు. మొజంజాహీ మార్కెట్ల పండ్లు అమ్మేటోళ్ల పైసలున్నయి మేడమ్ గీడ. పొద్దుగాల వచ్చి కౌంటర్ కాడ నిలబడ్తరు. వాళ్లకేం చెప్పాలె?"

"అందుకని పోయినసారి రాసిన లెక్కనే మళ్లీ రాయమన్నరు లక్ష్మణరావుగారిని."

శ్యామ్‌సుందర్ అద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. "ఔ," అన్నాడు. "అన్న. ఆయన వినలే. 'ఇన్నేళ్లూ కింద నిలబడి ముందు వరస లెక్కపెట్టి, లోతుతో గుణించి రాశాం. ఈసారి పైకెక్కి చూస్తాను' అన్నడు. శుక్రవారం ఇద్దరం జర గట్టిగనే అనుకున్నం. గదే ఆఖరి మాట నాతోని. ఇరవయ్యేండ్ల దోస్తు."

మనిషి కళ్లు నిజంగానే తడిశాయి. విద్యావతి వాటిని నమ్మింది. నమ్మినంత మాత్రాన ప్రశ్న ఆపలేదు.

"గోడౌన్ తాళంచెవి ఎక్కడ ఉంటది?"

"సేఫ్‌ల. రెండు చెవులు పెడితెనే సేఫ్ తెరుచుకుంటది. ఒకటి నా దగ్గర, ఒకటి క్యాషియర్ దగ్గర. ఒక్కరితోని అయ్యే పని కాదు. సోమవారం చూస్తే గోడౌన్ చెవి ఎక్కడిదక్కడనే ఉంది. పోలీసోళ్లకు గదే చెప్పిన. లక్ష్మణరావు దొంగచెవి చేయించుకున్నడనే కదా జితేందర్ గూడ అనేది."

"సేఫ్ చూడొచ్చా?"

"కింద, సెల్లార్ల. అటెండర్‌ను పంపుతా."

ఆయన లేవలేదు. విద్యావతి అటెండరు వెంట వెళ్లింది. ఇరుకు ఇనప మెట్లు, పట్టుకోవడానికి ఒకవైపే కమ్మీ. దిగి, సేఫ్‌ని బయటి నుంచి చూసి, ఎక్కి వచ్చేసరికి యాభై ఏళ్ల విద్యావతి మోకాళ్లే కలుక్కుమన్నాయి. పైకొచ్చి శ్యామ్‌సుందర్ చేతికర్ర వంక ఒకసారి చూసింది.

"పోదాం పదండి సార్, గోడౌన్‌కి," అంది. "తాళం మీ చేత్తోనే తీయాలె కదా."

* * *

నాంపల్లి స్టేషన్ వెనకాల ఆ సందు నిండా గోడౌన్లే. సెలవు రోజుల్లో అక్కడ మనిషి కనపడడు. ఆటో దిగేసరికి జితేందర్ షట్టర్ ముందు నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, నవ్వు ముఖం.

"నమస్తే మేడమ్. ఇంకా గీ కేసు పట్టుకునే తిరుగుతున్నరా? ఆమె దగ్గర ఫీజుకు పైసలు గూడ లేవు కదా."

"నువ్వు నా ఫీజు ఫికర్ ఎప్పుడు పడ్డవురా, నా కేసులు ఎత్తుకపోయినప్పుడు పడ్డవా?"

నవ్వు కొంచెం తగ్గింది. శ్యామ్‌సుందర్ తాళం తీసి ఇచ్చి, బయటే కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. షట్టర్ లేవగానే వేడి గాలి ముఖానికి కొట్టింది. ఒక్క కిటికీ లేదు. లోపల పైకప్పు రేకుల దాకా బేళ్లు. పక్కగా ఒక నిచ్చెన.

"చూడండి," అన్నాడు జితేందర్, పాఠం చెప్తున్నట్టు. "ముందు నుంచి చూస్తే నిండుగ ఉంది. లోపల గుల్ల. నాలుగు దిక్కులా ఒక్కొక్క వరస గోడలాగ పేర్చి, నడుమ సరుకంతా అమ్ముకున్నరు. పైన చెక్కపలకలు పరిచి, వాటి మీద ఒక వరస బేళ్లు. కింద నిలబడి లెక్కపెడితే రెండు వేలు. అసలు ఉన్నవి గిన్నే. పరశురాం, లక్ష్మణరావు ఇద్దరు కలిసి చేసిన్రు. శనివారం పంపకాల కాడ లొల్లి అయింది. లక్ష్మణరావు పడ్డడు, పరశురాం తాళమేసి ఉరికిండు. నా రిపోర్టు అయిపోయింది మేడమ్. మీరు ఆమెకు చెప్పి ఓదార్చాలె, గంతే."

విద్యావతి అప్పటికే లోపలికి నడిచింది. గుమ్మం లోపలి పక్కన, మొదటి బేలు దగ్గర ఆగింది. బేలు మీద పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. పక్కన ఇనప కాటాకీ అంతే. కింద మూల రెండు నిమ్మచెక్కలు, ఎండిన బంతిపూల దండ. దండని చేతిలోకి తీసుకుంది. ఎండింది కానీ రంగు ఇంకా పోలేదు. నలిపితే బంతి వాసన కూడా వచ్చింది.

"జితేందర్, ఇదేంది?"

"పూజ చేసిన్రు. దసరాకు చెయ్యరా? గోడౌన్ అన్నంక కాటాకు, సరుకుకు పూజ చెయ్యకుంటే ఎట్ల?"

"ఏ దసరాకు?"

జితేందర్ దండ వంక చూశాడు.

"బ్యాంకు తాళమేసి రెండేండ్లైంది. గీ పూలు మొన్నటి దసరావి. అయిదు నెలలవి. దసరాకు బ్యాంకు బంద్. తాళంచెవి సేఫ్‌ల ఉంది. మరి లోపలికొచ్చి బొట్టు ఎవరు పెట్టిన్రు? సరుకు దొంగతనంగ మోసుకపోతున్నరు, అయినా పండుగనాడు కాటాకు బొట్టు పెట్టకుండ పోనీకి మనసొప్పలేదు! పరశురాం ఇంట్ల మూడు తరాల సంది వ్యాపారం. గా ఒక్క అలవాటు ఆయన్ని పట్టించింది."

"నేను గూడ గదే అంటున్న కదా! దొంగచెవితోని..."

"ఆగు. నువ్వు చెప్పినట్టే అనుకుందాం. గీ గుల్ల చేసింది లక్ష్మణరావే. లోపల ఏం లేదని ఆయనకు తెలుసు, పైన వట్టి పలకలని తెలుసు. తెలిసిన మనిషి, అరవై ఏండ్లకు దగ్గరపడ్డ మనిషి, నిచ్చెనేసుకుని ఎక్కి, ఆ పలకల నడుమ కాలు పెడ్తడా?"

ఈసారి జితేందర్ నవ్వలేదు. బయట కుర్చీ కిర్రుమంది.

"గుల్ల అని తెల్వనోడే ఎక్కుతడు," అంది విద్యావతి. "లెక్కపెడదామని ఎక్కిండు. పడ్డడు. ఆయన దొంగ అయ్యుంటే గీ గోతిల పడకపోతుండె."

జితేందర్ చొక్కా చేతులు మడుచుకున్నాడు. ఓడిపోవడం అతనికి రాదు. "అయితె కావచ్చు. గానీ రుజువు కావాలె మేడమ్. మాటలతోని పాలకవర్గం వినదు."

"అయితే ఆ బేలు గుంజు. దిగుదాం."

పోలీసులు శవాన్ని పైనుంచే తాళ్లు కట్టి లాగారు. ఆ తొందరలో, ఆ వాసనలో, లోపల ఎవరూ నిలబడి చూడలేదు. ఇద్దరూ కలిసి కింది వరసలో ఒక బేలు పక్కకి లాగేసరికి జితేందర్ ఇస్త్రీ అంతా చెమటలో కలిసిపోయింది. విద్యావతి వంగి, ఆ సందులోంచి పాక్కుంటూ లోపలికి వెళ్లి, ఫోను లైటు వేసింది.

విరిగిన పలకలు. గోనెగుడ్డ మీద ఎండిన మరక. ఆమె లైటు బేళ్ల మీదకి తిప్పింది.

చుట్టూ ఉన్న బేళ్ల మీద, నేల మీద కూర్చున్న మనిషి చేయి అందేంత ఎత్తులో, నీలం సుద్దతో టిక్కులు. ఒక్కో బేలుకి ఒక్క టిక్కు. వరసగా, తప్పకుండా. ఒక మూల నుంచి మొదలై, రెండో గోడ, మూడో గోడ, మళ్లీ మొదటి మూలకి. మధ్యలో గీతలు వంకర పోయాయి, మళ్లీ సర్దుకున్నాయి. ఒక చోట నేల మీద ఈడ్చిన గుర్తుంది. విరిగిన కాలుని ఈడ్చుకుంటూ ఆ పక్కకి జరిగాడన్నమాట. చివరి బేలు మీద, వరసలు గుణించి వచ్చిన మొత్తం రాసి, కింద రెండు గీతలు గీసి, ప్రతి తనిఖీ చివరా పెట్టే పొట్టి సంతకం పెట్టాడు.

విద్యావతి అక్కడే కూలబడింది. పోస్టుమార్టంలో డాక్టర్ రాసిన మాటలు గుర్తొచ్చాయి. తొడ ఎముక విరిగింది, కానీ పోయింది దెబ్బతో కాదు. వేడికి, దాహానికి. ఆదివారం సాయంత్రం దాకా ప్రాణముంది. మార్చి ఎండలో, ఈ రేకుల కింద, అరిస్తే బేళ్లు మింగేసే ఈ గోతిలో, ఆ మనిషి తన డ్యూటీ చేశాడు. పైనుంచి లెక్కపెడదామని వచ్చాడు, లోపలి నుంచి లెక్కపెట్టి పోయాడు. ఆమెకి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. ఇక్కడ ఎవరు చూస్తారు కనుక!

జితేందర్ తల లోపలికి పెట్టి లైటు తిప్పి చూశాడు.

"నా రిపోర్టు చింపేస్తా మేడమ్," అన్నాడు మెల్లగా. "గుల్ల చేసినోడు కూసోని గిట్ల లెక్కపెట్టడు." లైటు ఇంకోసారి టిక్కుల మీద తిప్పాడు. "గానీ నాకొకటి సమజైతలేదు. చేతిల సుద్ద ఉంది. గంటలకొద్ది టైమ్ ఉంది. బయట తాళమేసి పోయినోడెవడో ఆయనకు తెల్వకుండ ఉండదు. గన్ని టిక్కులు పెట్టినోడు వాని పేరెందుకు రాయలే?"

విద్యావతి ముఖం తుడుచుకుంటున్న చేయి ఆగింది.

పరశురాం అయ్యుంటే రాసేవాడు. పరాయివాడు ఎవడైనా రాసేవాడు. బేలు లెక్క తప్పితే చచ్చే ముందు కూడా ఓర్చుకోలేని మనిషి, తన్ను చంపినవాడి పేరు కావాలనే రాయకుండా వదిలేశాడు. ఎవరికోసం వదిలేస్తాడు?

పొద్దున జానకమ్మ అన్న మాట చెవిలో మళ్లీ వినపడింది. గుమ్మంలోకి వస్తూనే, గోడౌన్ చూసే వచ్చానక్కా అన్నాడు. ఫోన్‌లో ఆమె చెప్పింది బావ రాలేదనే. గోడౌన్ మాట ఆమె ఎత్తనే లేదు.

ఆమె పాక్కుంటూ బయటికొచ్చి, దుమ్ము కూడా దులుపుకోకుండా నేరుగా శ్యామ్‌సుందర్ ముందుకెళ్లి నిలబడింది.

"సార్, మీరు ఆ సెల్లార్ మెట్లు దిగక ఎన్నాళ్లైంది?"

ఆయన చేతికర్రని రెండు చేతులా పట్టుకున్నాడు.

"మీ మోకాలుతోని ఆ మెట్లు ఎవరూ దిగలేరు. దిగి ఎక్కెటాల్లకు నాకే పానం మీదికొచ్చింది. సేఫ్‌కు రెండు చెవులు. మీది ఎవరి దగ్గర ఉంది?"

"మనోడే కదా అని ఇచ్చిన," అన్నాడు శ్యామ్‌సుందర్. "రెండేండ్లైంది. పొద్దుగాల ఆయనే తెరుస్తడు, పొద్దుమూకి ఆయనే మూస్తడు. రిజిస్టర్ల ఇద్దరం సంతకం పెడ్తం. అన్ని బ్రాంచీలల్ల గట్లనే నడుస్తది మేడమ్, నేనొక్కణ్నే కాదు. గా ముచ్చట బయటపెడితే నా గ్రాట్యుటీ ఆపుతరని... నేను గింత దూరం పోతదనుకోలే. ఆయనెందుకు చేస్తడు? తండ్రి లెక్క పెంచిన బావ!"

"ఎవరు?" అన్నాడు జితేందర్ వెనక నుంచి.

"క్యాషియర్," అంది విద్యావతి. "ఎవరున్నరు ఇంక?"

ఆమె చేతిలో ఫోను మోగింది. తెర మీద జానకమ్మ పేరు. ఎత్తితే మాట్లాడింది జానకమ్మ కాదు.

"మేడమ్, నేను శశిని. అక్క వడ్డిస్తోంది. పొద్దున్నుంచి తినలేదు, నేను బతిమాలితే ఇప్పుడు లేచింది. మీరు గోడౌన్‌కి ఏమన్నా వెళ్లారా?"

"వెళ్లాను. ఆ గోతిలోకి కూడా దిగాను."

అటువైపు గిన్నె మూత పెట్టిన చప్పుడు దూరంగా వినిపించింది.

"బావ ఏమన్నా రాశాడా మేడమ్?"

"రాశాడని ఎందుకనుకున్నావు?"

"ఆయన జేబులో ఎప్పుడూ సుద్ద ఉంటుంది."

"బేళ్లు లెక్కపెట్టాడు. సంతకం పెట్టాడు. ఎవరి పేరూ రాయలేదు శశీ."

నోటికి చేయి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్న చప్పుడు.

"నేను తోయలేదు," అన్నాడు చాలా చిన్న గొంతుతో. "అక్క మీద ఒట్టు. చెవి తీసుకురమ్మన్నాడు, తెచ్చా. ఎక్కొద్దు బావా అని చేతులు పట్టుకున్నా. వినలేదు. పలకలు విరిగిపోయాయి. పరశురాం సేటు ఫ్లాటుకి డబ్బు ఇస్తానంటే, సెలవు రోజుల్లో తాళం తీసి ఇచ్చా మేడమ్. అంతే చేశా. ఆయన్ని బయటికి లాగితే అదంతా బయటపడుతుందని..."

"నువ్వు షట్టర్ దించేటప్పుడు ఆయన ఏమన్నా అన్నారా?"

"అన్నాడు." ముక్కు ఎగబీల్చాడు. "శశీ, కాసిని నీళ్లు తేరా అన్నాడు. తెస్తానన్నా. సందు చివర కొట్లో సీసా కూడా కొన్నా మేడమ్. కొని, అక్కడే నిలబడిపోయా."

విద్యావతికి తిట్టడానికి నోరు రాలేదు. ఆదివారం అంతా అక్కని వెనక ఎక్కించుకుని ఊరంతా తిరిగినప్పుడు, బావ ఇంకా బతికే ఉన్నాడని వీడికి తెలుసు. ఎక్కడున్నాడో కూడా తెలుసు.

"ఎవర్రా ఫోన్లో? ఆవిడేనా? ఇటివ్వు," అంటున్న జానకమ్మ గొంతు దగ్గరైంది. ఫోను చేతులు మారింది. "అమ్మా! ఏమైనా తెలిసిందా? సాయంత్రం ఆ మీటింగ్ అంటేనే నాకు గుండె దడగా ఉందమ్మా. మా ఆయన..."

జితేందర్ అప్పటికే పోలీసులకి ఫోన్ కలుపుతూ బండి దగ్గరికి పరిగెత్తుతున్నాడు. శ్యామ్‌సుందర్ తల వంచుకుని కూర్చున్నాడు. జానకమ్మకి ఇప్పుడు ఎంత చెప్పాలి? ఒక్క ముక్క మాత్రం దాచడానికి వీల్లేదు. ఆవిడ అడిగింది అదొక్కటే.

"జానకమ్మగారూ, మీ ఆయన దొంగ కాదు. రుజువు దొరికింది. ఇంక ఎవరూ ఆ మాట అనలేరు."

జానకమ్మ ఒక్కసారిగా బావురుమంది. ఆ ఏడుపులోనే నవ్వింది కూడా. పదిహేను రోజుల తర్వాత ఆ గొంతులో మొదటిసారి ప్రాణం వినపడింది.

"నాకు తెలుసమ్మా! నాకు తెలుసు! ఒరేయ్ శశీ, విన్నావురా? మీ బావ దొంగ కాదుట! శశీ!"

జవాబు రాలేదు.

"వీడేడమ్మా, ఇప్పుడేగా నా పక్కన నిలబడ్డాడు. వడ్డించింది వడ్డించినట్టే ఉంది. వీధి తలుపు తీసి ఉంది..." జానకమ్మ గొంతు ఫోనుకి దూరమైంది. "శశీ! అన్నం తినకుండా ఎక్కడికిరా?"